వేడి తెలియని పాదాలు

ఆ ఆస్పత్రి ఉన్న ఊరి పేరు రాయను. శ్రీకాకుళం జిల్లాలో రైలుకట్టకి దగ్గరగా ఉండే ఊరు అంటే చాలు. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. దాన్ని ఆ ఊరికి అంటగట్టడం నాకిష్టం లేదు.

అరవైల చివరి మాట. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. విశాఖపట్నంలో మూడేళ్లు నర్సు చదువు పూర్తిచేసి, మొదటి ఉద్యోగానికి ఆడవాళ్ల వార్డులో చేరాను. పెంకులు కప్పిన పొడవాటి హాలు, పద్నాలుగు మంచాలు, నీళ్లు కాచుకోవడానికి ఒక కిరసనాయిలు స్టవ్వు. నాకు పైన హెడ్ సిస్టర్ ఉండేవారు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉండేవారు. నేనున్న రెండున్నరేళ్లలో ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. డాక్టరుగారు పొద్దున్నే రౌండ్సుకి వచ్చి, అవసరమైన నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోయేవారు.

నేను చేరిన రెండో నెలలో కోటబొమ్మాళి అవతలి పల్లె నుంచి ఒక రైతు తన భార్యని రైల్లో తీసుకొచ్చాడు. ఆమెకి యాభై ఏళ్లు ఉంటాయి. రెండు చేతుల వేళ్లూ కణుపుల దగ్గర ఉబ్బి, చిటికెన వేలి వైపుకి ఒరిగిపోయి ఉన్నాయి. మోకాళ్లు కూడా వాచాయి. నాలుగేళ్లుగా ఇదే బాధట. ఆ ఏడు ఊడుపులకి పొలంలో దిగితే, నారు పట్టుకోవడం వచ్చింది గాని వదలడం రాలేదట. వేళ్లు అలాగే బిగుసుకుపోయి, పక్కామె వచ్చి ఒక్కొక్క వేలూ విప్పి నారు తీసిందట. ఆ సంగతి చెబుతూ ఆమె ఏడవలేదు. తన చేతులు తన మాట వినడం లేదని, మొగుడు అన్నం కలిపి పెడుతుంటే ఊళ్లోవాళ్లు చూస్తున్నారని, అదొక్కటే సిగ్గుగా ఉందని చెప్పింది.

అది కీళ్లవాతం. మానిపోయే జబ్బు కాదని డాక్టరుగారు భర్తకి ముందే చెప్పారు. ఆస్పిరిన్ మాత్రలు రాశారు. పది రోజులకి నొప్పి కొంచెం తగ్గింది గాని కడుపులో మంట పట్టుకుంది. ఒకరోజు కాఫీ పొడి కలిపినట్టు నల్లగా వాంతి అయింది. కడుపులో రక్తం కారుతోందని డాక్టరుగారు మాత్రలు ఆపించేశారు. కేసు షీటు మూస్తూ నా వైపు చూసి, కడుపు కుదుటపడేదాకా మందు లేకుండా మీ చేతుల్లో ఏముందో అది చెయ్యండి అన్నారు.

మా చేతుల్లో ఏముంది? వేడినీళ్లు, నూనె, దిళ్లు, రెండు చేతులు. చదువుకునేటప్పుడు ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నవే. కాని మందు ఇవ్వడానికి వీలులేని మనిషి ఎదురుగా మంచం మీద ఉన్నప్పుడు ఆ పేజీల విలువ వేరేగా కనిపించింది.

పొద్దున్న లేవగానే ఆమెకి వేళ్లు కదిలేవి కావు. రవిక హుక్కులు పెట్టుకోవడానికి కూడా వచ్చేది కాదు. అందుకని రౌండ్సుకి ముందే పెద్ద బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్లు తెచ్చి, రెండు చేతులూ మణికట్ల దాకా ముంచేదాన్ని. ఆ నీళ్లలోనే మెల్లగా పిడికిలి మూయించి తెరిపించేదాన్ని. తరవాత నువ్వులనూనె గోరువెచ్చగా చేసి ఒక్కొక్క వేలూ మొదలు నుంచి కొసదాకా రాసేదాన్ని. మోకాళ్లకి మొదట తడిగుడ్డ కాపడం పెట్టేదాన్ని. ఆమె భర్త ఒకసారి వంశధార ఇసక గోనెసంచిలో మోసుకొచ్చి వార్డు గుమ్మం దగ్గర దించాడు. వాళ్ల ఊళ్లో ఇసక మూట కాపడమే పెడతారట. హెడ్ సిస్టర్ దాన్ని జల్లించి, కడిగి, ఎండబెట్టి వాడుకోమన్నారు. వేయించిన ఇసక మూట తడిగుడ్డ కంటే ఎక్కువసేపు వేడి నిలిపేది. మధ్యాహ్నాలు చేతులు వంకరగా పెట్టుకుని పడుకోకుండా, చుట్టిన తువాలు ఒకటి అరచేతుల కింద పెట్టేదాన్ని.

మూడు వారాలకి ఆమె తన రవిక తానే వేసుకుంది. మరో వారానికి అన్నం తనే కలుపుకుంది. ముద్ద వంకరగా ఉన్నా అది ఆమె ముద్ద. ఆ రోజు వార్డంతా ఆమె భోజనమే చూసింది.

భర్త గురువారం గురువారం వచ్చేవాడు. మంచానికి దూరంగా గోడకి చేరబడి నిలబడి, దూడ సంగతో వాన సంగతో చెప్పి, సాయంత్రం రైలుకి వెళ్లిపోయేవాడు. రేపు ఇంటికి వెళ్లాక ఈ పని చెయ్యాల్సింది ఆయనే కదా అని ఒక గురువారం ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, గిన్నెలో నూనె పోసి ఇచ్చాను. నలుగురిలో పెళ్లాం చెయ్యి పట్టుకోవడం ఆయనకి ముప్పై ఏళ్ల కాపురంలో అదే మొదటిసారి అనుకుంటాను. తలెత్తకుండా, పగ్గానికి నూనె పట్టించినట్టు గట్టిగా రుద్దడం మొదలుపెట్టాడు. ఆమెకి నొప్పి వచ్చి, నవ్వూ వచ్చింది.

“నెమ్మది. అది పగ్గం కాదు, నా వేలు” అంది.

ఆయన మెడ దాకా ఎర్రబడ్డాడు గాని చెయ్యి వదల్లేదు. రెండు మూడు గురువారాలకి నాకంటే బాగా రాయడం నేర్చుకున్నాడు.

పక్క మంచం మీదకి ఆ రోజుల్లోనే ఒకావిడ వచ్చారు. విజయనగరంలో ఇంటి దగ్గరే ఆడపిల్లలకి సంగీతం చెప్పే ఆవిడ, అరవైకి దగ్గర. మా ఊళ్లో ఉన్న కూతురి ఇంటికి వచ్చి స్పృహ తప్పి పడిపోతే తీసుకొచ్చారు. చక్కెర జబ్బు. ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో తేలేదాకా ఉండమన్నారు. రోజుకి మూడుసార్లు స్పిరిటు దీపం మీద మూత్రం పరీక్ష చేసి, గొట్టంలో రంగు నీలంగా ఉందా, ఆకుపచ్చకి తిరిగిందా, ఇటుక రంగుకి వచ్చిందా అని నేను రాసిపెట్టేదాన్ని. ఇటుక రంగు వస్తే చక్కెర బాగా ఎక్కువ ఉన్నట్టు. కూతురు బియ్యం మానిపించి చోడి జావ, అంటే రాగి జావ, తెచ్చేది. ఆవిడ దాన్ని కషాయం తాగినట్టు తాగేవారు.

పల్లెటూరి మనిషి, సంగీతం చెప్పే ఆవిడ. రెండు రోజులు ఒకరినొకరు చూసుకున్నారు గాని మాట్లాడుకోలేదు. మూడోరోజు పొద్దున్న నేను బేసిన్‌లో వేళ్లు కదిలిస్తూ ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెడుతుంటే ఆవిడ వింటూ వింటూ ఉండబట్టలేక, అలా ఎత్తుడు దించుడు లేకుండా లెక్కపెడితే ఏ వేలికి మాత్రం కదలాలనిపిస్తుంది అన్నారు. తన మంచం మీంచి కాళ్లు కిందికి దించి కూర్చుని తాళం వెయ్యడం చూపించారు. మొదట అరచేత్తో ఒక దెబ్బ. తరవాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు ఒకదాని తరవాత ఒకటి ఆనించడం. మళ్లీ దెబ్బ, చెయ్యి వెనక్కి తిప్పడం. మళ్లీ దెబ్బ, తిప్పడం. ఎనిమిదికి ఒక చుట్టు. ఆవిడ సన్నటి గొంతుతో సరళీ స్వరాలు పాడుతుంటే, ఈమె దానికి తగ్గట్టు వేళ్లు ఆనించడానికి ప్రయత్నించేది.

నేను నెలరోజులుగా చేయించాలని చూస్తున్న కదలికలన్నీ ఆ తాళంలో ఉన్నాయి. రోజూ పొద్దున్న, సాయంత్రం ఆ పని జరిగేది. చిటికెన వేలు ఒక్కటి ఆఖరిదాకా సరిగ్గా ఆనలేదు. దాన్ని ఈమె “దీనికి సెముడు” అనేది. వార్డులో మిగిలినవాళ్లు కూడా మంచాల మీంచి తాళం వేసేవారు. డాక్టరుగారు ఒకరోజు గుమ్మంలో ఆగి విని, రౌండ్సు ఐదు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టారు. వెళ్తూ నాతో, బాగుంది, సాగించండి అన్నారు.

ఆ రెండు మాటలు నాకు తలకెక్కాయి. కాపడం సిస్టర్ అని వార్డులో నాకు పేరు కూడా వచ్చింది. నడుం నొప్పి అన్నా, కాలు పీకుతోందన్నా, నేనే నీళ్లు కాచేదాన్ని. హెడ్ సిస్టర్ని అడగడం మానేశాను.

పుష్యమాసంలో చలి బాగా ఉంది. ఒక మధ్యాహ్నం సంగీతం ఆవిడ కాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి, చీమలు పాకినట్టు ఉంది, నాకూ కొంచెం కాపడం పెట్టకూడదా అన్నారు. రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి, పల్చటి గుడ్డ చుట్టి పాదాల దగ్గర పెట్టాను.

“ఏమీ తెలియడం లేదమ్మాయ్. ఇంకొంచెం వేడి ఉండాలి” అన్నారు.

నేను వెళ్లి స్టవ్వు మీద మరుగుతున్న నీళ్లు పోసుకొచ్చాను. ఇప్పుడు హాయిగా ఉందా అంటే, ఉందీ లేనట్టుగా ఉందన్నారు. పాదాలు సంచికి ఆనించి పెట్టుకోమని చెప్పాను. అంతలో ఎవరో కాన్పు నొప్పులతో వచ్చారని పిలిస్తే వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి గంట దాటింది. ఆవిడ నిద్రపోతున్నారు. ఎంత సుఖంగా నిద్రపోతున్నారో అనుకుని, సంచి తీసేసి, దుప్పటి సర్ది వచ్చాను. పాదాలు చూడలేదు.

సాయంత్రం కాళ్లు కడగడానికి కూతురు దుప్పటి తీసి నన్ను పిలిచింది. కుడిపాదం అంచు పొడుగునా, చిటికెన వేలి కింద, పెద్ద పెద్ద బొబ్బలు. ఒకటి చిట్లి నీరు కారుతోంది. ఆవిడ దిండు మీంచి తలెత్తి, ఏమయింది, ఎందుకలా చూస్తున్నారు అని అడిగారు. ఆవిడకి ఏమీ తెలియలేదు. ఆ క్షణంలో నా నోటు పుస్తకంలో నేనే రాసుకున్న వాక్యం జ్ఞాపకం వచ్చింది. చక్కెర జబ్బు ముదిరినవాళ్లకి పాదాల్లో స్పర్శ పోతుందని, వేడి పెట్టేముందు పరీక్షించి చూడాలని.

హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ ముందు వచ్చి పుండు శుభ్రం చేసి కట్టు కట్టారు. చేతులు కడుక్కుంటూ, సంచి నీ మోచేతికి ఆనించి చూసుకున్నావా అని అడిగారు. లేదు, ఆవిడే వేడి చాలలేదన్నారు అన్నాను.

“వేడి తెలియని కాలు ఎప్పుడూ ఇంకా కావాలనే అంటుంది” అన్నారు హెడ్ సిస్టర్. “దానికి తెలియనిది నువ్వు తెలుసుకోవాలి. అందుకే నిన్ను పెట్టారు.”

ఆ తరవాత ఆవిడ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. తిడితే నాకు కొంచెం తేలికపడేదేమో.

మర్నాడు డాక్టరుగారికి కూడా నేనే చెప్పాను. ఆయన చాలాసేపు ఆ పాదం చూశారు. వార్డులో కాపడాలన్నీ ఆపెయ్యమన్నారు. కూతురు నన్ను గుమ్మం బయటికి పిలిచి నిలదీసింది. మా అమ్మ నడిచి వచ్చింది, నడిచి వెళ్తుందా అని అడిగింది. సంగీతం ఆవిడ నాతో మాట మానేశారు. నేను వస్తుంటే గోడ వైపు తిరిగి పడుకునేవారు. కట్టు హెడ్ సిస్టర్ కడితేనే కట్టించుకునేవారు. పాటా ఆగిపోయింది, తాళమూ ఆగిపోయింది.

నేను పూర్తిగా భయపడిపోయాను. కాపడమే కాదు, చేతులు గోరువెచ్చటి నీళ్లలో ముంచడం కూడా మానేశాను. ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్లిపోదామని అనుకున్నాను. వారం గడిచింది. ఒకరోజు పొద్దున్న కీళ్లవాతం మనిషి పక్కన నించుని పాల గ్లాసు అందిస్తే, ఆమె అందుకోలేదు. వేళ్లు మళ్లీ బిగుసుకుపోయాయి. గ్లాసు బల్ల మీద పెట్టించి నా మొహంలోకి చూసింది.

“ఆయమ్మ కాలు కాల్సినావని నా సేతులు ఒగ్గెస్తావేటి?” అంది.

నేను, డాక్టరుగారు వద్దన్నారు అని నసిగాను.

“డాట్రుబాబు కాపడం వద్దన్నాడు. నా సెయ్యి ముట్టుకోవద్దన్నాడేటి? భయమైతే మెల్లిగా సెయ్యి. మానెయ్యకు.”

ఆ మాటలు పక్క మంచానికి వినపడేలాగే అంది. గోడ వైపు తిరిగి ఉన్న ఆవిడ కదల్లేదు. కాని ఆ రోజు రౌండ్సులో డాక్టరుగారు తన మంచం దగ్గరికి వచ్చినప్పుడు, ఆవిడ తన కాలి సంగతి మాట్లాడకుండా, ఆమె చేతులకి వేడినీళ్లు ఎందుకు ఆపించారు, ఆమెకి స్పర్శ బాగానే ఉంది కదా అని అడిగారు. డాక్టరుగారు హెడ్ సిస్టర్ వైపు చూశారు. హెడ్ సిస్టర్, తను దగ్గరుండి చేయిస్తానన్నారు. నీళ్ల వేడి థర్మామీటరుతో చూడాలి, ఎవరికి పెట్టినా ముందు స్పర్శ పరీక్షించి కేసు షీటులో రాయాలి అనే షరతు మీద డాక్టరుగారు ఒప్పుకున్నారు.

అలా మళ్లీ మొదలుపెట్టాను. మొదటిరోజు థర్మామీటరు రెండుసార్లు ముంచి చూసుకున్నాను. హెడ్ సిస్టర్ పక్కన నిలబడి చూశారు.

తరవాత ఒక మధ్యాహ్నం సంగీతం ఆవిడ తనంతట తానే నన్ను పిలిచారు. ఆ పరీక్ష ఏదో నాకూ చెయ్యి అన్నారు. కళ్లు మూసుకోమని, దూదిపోగు సన్నగా మెలిపెట్టి పాదాల మీద ఒక్కొక్క చోటే ఆనించి, ఎక్కడ తగిలిందో చెప్పమన్నాను. వేళ్ల మీద, అరికాలి మీద, మడమ మీద, చీలమండ మీద. ఆవిడ ఎదురుచూస్తూనే ఉన్నారు. చీలమండ దాటి నాలుగు వేళ్ల పైకి వచ్చాక, ఇదిగో, ఇప్పుడు మొదలుపెట్టావా అన్నారు. కళ్లు తెరిచి నా చెయ్యి ఎక్కడుందో చూశారు.

“నా కాళ్లకి చెవుడు వచ్చిందని నాకే తెలీదమ్మాయ్” అన్నారు. “ఇంట్లో వంటింటి గచ్చు కాలుతోందని పిల్లలు గెంతేవాళ్లు. నాకు తెలిసేది కాదు. నాకు ఓర్పు ఎక్కువనుకున్నాను.”

క్షమించానని ఆవిడ ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. మర్నాటి నుంచి కట్టు నన్ను కట్టమన్నారు.

పుండు త్వరగా మానలేదు. చక్కెర జబ్బులో మానదు. కాలి చిటికెన వేలు నల్లబడితే డాక్టరుగారు దాన్ని తీసెయ్యాల్సి వచ్చింది. ఆ రోజు నేను సెలవు పెట్టుకోవచ్చని హెడ్ సిస్టర్ అన్నారు. పెట్టుకోలేదు. ఆవిడ తల దగ్గరే నిలబడ్డాను. మిగిలిన పాదం నిలిచింది. రోజుకి రెండుసార్లు కట్టు మార్చడం, కాలు దిండు మీద ఎత్తి ఉంచడం, వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టడం, పొడిబారిన మడమలకి కొబ్బరినూనె రాయడం. నేను చేసిన గాయం నా చేతుల కిందే కొద్దికొద్దిగా పూడుతుంటే రోజూ చూశాను. ఆ రెండున్నర నెలలూ నేను నేర్చుకున్నది మూడేళ్ల చదువులో నేర్చుకోలేదు.

ఆవిడ మంచం దిగలేకపోయిన ఆ రోజుల్లో కీళ్లవాతం మనిషి తన మంచం ఆ మంచానికి దగ్గరగా లాగించుకుంది. పాట మళ్లీ మొదలైంది. చోడి జావ గ్లాసు తన వంకర వేళ్లతో రెండు చేతులా పట్టుకుని ఆవిడకి అందించేది. ఒలికినా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ముందు ఇంటికి వెళ్లింది ఆమే. జబ్బు పోలేదు. కణుపులు అలాగే ఉన్నాయి, కొడవలి పట్టలేదు, మోకాళ్లు పూర్తిగా మడవలేదు. కాని జడ వేసుకోగలదు, అన్నం తినగలదు, విత్తనాలు చెరిగి ఏరగలదు. భర్తకి నీళ్లు ఎంత వేడి ఉండాలో నా ఎదుట మోచేత్తో చూపించమన్నాను. తడబడకుండా చూపించాడు. వెళ్లేముందు ఆమె సంగీతం ఆవిడ మంచం పక్కన కూర్చుని ఒక్క చుట్టు తాళం వేసింది. చిటికెన వేలు అప్పుడూ ఆనలేదు. మరుసటి ఏడు కోతల తరవాత ఒకసారి ఆస్పత్రికి వచ్చి, చలికాలం మళ్లీ బిగుసుకున్నాయని, మొగుడు పొద్దున్నే నీళ్లు కాచి పెడుతున్నాడని, ఊళ్లోవాళ్లు నవ్వితే నవ్వనిమ్మంటున్నాడని చెప్పింది.

సంగీతం ఆవిడ నాలుగు నెలల మీద కొన్ని రోజులకి విజయనగరం వెళ్లారు. వెళ్లిన నెలకి ఒక ఆదివారం నేను రైలెక్కి వాళ్లింటికి వెళ్లాను. రమ్మని ఎవరూ పిలవలేదు. లోపలికి రానిస్తారో లేదో కూడా తెలియదు. వరండాలో చాప మీద ఆరేడుగురు ఆడపిల్లలు పాడుతున్నారు. ఆవిడ నన్ను చూసి, కూర్చో అని చేత్తో చూపించి, పాఠం పూర్తిచేశారు. పిల్లలు లేచి వెళ్లాక మెత్తటి చెప్పులు విప్పి, రెండు పాదాలూ నా ముందుకి చాచారు.

అరికాళ్లు చూశాను. వేళ్ల సందులు చూశాను. గోళ్లు తీశాను. చెప్పుల లోపల చెయ్యి పెట్టి మేకు గాని రాయి గాని ఉందేమో తడిమాను. ఎడమ మడమ మీద పగులు ఒకటి కనిపిస్తే నూనె రాశాను. ఆవిడ మజ్జిగ తెప్పించారు. వచ్చే నెల ఎప్పుడొస్తావు అని అడిగారు.

నాకు పార్వతీపురం వైపు బదిలీ అయ్యేదాకా, రెండేళ్లకి కొంచెం తక్కువ, నెలకో ఆదివారం అలా వెళ్లాను. ఆఖరిసారి కూతుర్ని కూడా విజయనగరం రమ్మని చెప్పి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అంతా చూపించాను. కూతురి ఒడిలో కాళ్లు పెట్టడానికి ఆవిడ మొదట ఒప్పుకోలేదు. కూతురే ఆ పాదాలు పట్టి లాక్కుని ఒడిలో పెట్టుకుని, వేళ్ల సందులు ఒక్కొక్కటే విడదీసి చూడడం మొదలుపెట్టింది. తరవాత నెలనెలా తనే వెళ్లి చూస్తూ, చాలాకాలం నాకు ఉత్తరాలు రాసేది. అందులో ఇంటి సంగతులు రెండు వాక్యాలు ఉంటే, పాదాల సంగతి పేజీడు ఉండేది.